ఇంటి దగ్గర కారు లేపడానికి ఏ జాకీ కొనాలి? టన్నులు అడిగేముందు టేపు పట్టుకుని ఒకసారి కారు కిందకి వంగండి

మన బెజవాడ ఆటోనగర్‌లో ఏ టూల్స్ షాపుకి వెళ్ళి జాకీ కావాలన్నా కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న ఎన్ని టన్నులది కావాలి అని. మనం కూడా మన కారు బరువెంతో మనసులో లెక్కేసుకుని రెండు టన్నులో మూడు టన్నులో చెప్పేస్తాం, బిల్లు కట్టి తెచ్చేసుకుంటాం. నేనూ ఆరేళ్ళ క్రితం అచ్చం అలాగే కొన్నాను, ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే చిన్న రెండు టన్నుల ట్రాలీ జాకీ, అంటే కింద చక్రాలుండి కారు కిందకి దొర్లించి హ్యాండిల్ కొట్టి లేపేది. మా స్విఫ్ట్ బరువు సుమారు 900 కేజీలే కదా, రెండు టన్నులంటే డబల్ కంటే ఎక్కువ, ఇంకేం కావాలి అనుకున్నాను. తర్వాత తెలిసింది ఏంటంటే ఇంట్లో వాడుకునే మనకి టన్నులు అసలు సమస్యే కాదు, ఎత్తు సమస్య, కింద నేల సమస్య, లేపాక కారుని నిలబెట్టే స్టాండ్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకా పెద్ద సమస్య. వీటి గురించి షాపులో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, కొనేముందు ఎవరికైనా పనికొస్తుంది.

ముందు బరువు లెక్క తేల్చేద్దాం. కారు మొత్తాన్ని ఎప్పుడూ ఒక్క జాకీతో గాల్లోకి లేపం కదా, లేపేది ఒక మూల, మహా అయితే ముందు భాగం మొత్తం. ఇంజను ముందు ఉన్న చిన్న కార్లలో బరువు అరవై శాతం దాకా ముందే ఉంటుంది, అంటే 900 కేజీల కారుకి ముందు భాగం మొత్తం లేపినా 540 దగ్గర, ఒక్క చక్రం వైపు లేపితే దాంట్లో సగం. ఇన్నోవా క్రిస్టా లాంటి 1800 కేజీల బండికి కూడా ఒక వైపు లేపితే టన్నుకి అటూ ఇటూ. కాబట్టి రెండు టన్నుల జాకీ బరువు మొయ్యలేక ఫెయిలవ్వడం ఇంటి వాడకంలో దాదాపు ఉండదు. మరి మూడు టన్నులది ఎందుకు కొంటారంటే బలం కోసం కాదు, దాని బాడీ పొడుగు, చక్రాల మధ్య వెడల్పు, పైన కారుని పట్టుకునే కప్పు సైజు, ఎంత ఎత్తుకి లేపుతుంది, వీటి కోసం.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఏ జాకీకైనా రెండు కొలతలుంటాయి, పూర్తిగా దించినప్పుడు ఎంత, పూర్తిగా లేపినప్పుడు ఎంత. నా చిన్న జాకీ దించితే 13 సెంటీమీటర్ల పైన, లేపితే 33. మా స్విఫ్ట్ డోరు కింద జాకీ పెట్టే అంచు, ఆ రేకు రెండు గాట్ల మధ్య భాగం, నేల నుంచి దాదాపు 18 సెంటీమీటర్లు ఉంది. టైర్లో గాలి ఉన్నప్పుడు జాకీ హాయిగా దూరిపోతుంది. పంచరైన రోజు చూడాలి! గాలి మొత్తం పోయి రిమ్ము రబ్బరు మీద కూర్చుంటే ఆ మూల ఏడెనిమిది సెంటీమీటర్లు కిందకి దిగిపోతుంది, 18 కాస్తా 11 అవుతుంది, 13 సెంటీమీటర్ల జాకీ అంచు దగ్గర ఆగిపోతుంది, ఎంత తోసినా లోపలికి వెళ్ళదు. జాకీ అవసరం అసలు వచ్చేదే ఆ రోజున కదా. అప్పుడు కారుతో పాటు వచ్చిన కత్తెర జాకీనే, మర తిప్పితే కత్తెరలా లేచేది, తీసి ముందు దాంతో కొంచెం లేపి తర్వాత ట్రాలీ జాకీ తోశాను. ఇంకో పద్ధతి ఏంటంటే అంగుళంన్నర మందం చెక్క ముక్క నేల మీద పెట్టి పంచరైన చక్రాన్ని మెల్లగా దాని మీదకి ఎక్కించి అప్పుడు జాకీ పెట్టడం. ఇంత గొడవ వద్దనుకుంటే లో ప్రొఫైల్ అని దొరుకుతాయి, దించితే 8 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తాయి, సెడాన్లు, స్విఫ్ట్, బాలెనో లాంటి హ్యాచ్‌బ్యాక్‌లు ఉన్నవాళ్ళు అవే చూడాలి.

ఎస్‌యూవీ ఉన్నవాళ్ళకి ఇది తిరగబడుతుంది. మా తమ్ముడిది క్రెటా, గ్రౌండ్ క్లియరెన్స్ 190 మిల్లీమీటర్లు, కింద జాకీ దూరడానికి ఇబ్బందేమీ లేదు. కానీ బాడీని లేపుతున్నప్పుడు చక్రం వెంటనే లేవదు, సస్పెన్షన్ స్ప్రింగు సాగుతూ చక్రం కిందకి వేలాడుతూ ఉంటుంది, పది సెంటీమీటర్లు పైకి పోయాక గానీ టైరు నేలని వదలదు. నా 33 సెంటీమీటర్ల జాకీ వాడి బండికి మొత్తం లేపేశాక కూడా టైరు ఇంకా నేలకి ఆనుకునే ఉంది. అప్పుడు అందరూ చేసే పని ఒకటుంది, జాకీ కప్పు మీద చెక్క దిమ్మో ఇటుకో పెట్టి ఎత్తు పెంచడం. దయచేసి చెయ్యకండి. ట్రాలీ జాకీ చెయ్యి నిటారుగా పైకి పోదు, అది ఒక వంపులో లేస్తుంది, లేస్తున్నకొద్దీ కప్పు వెనక్కి జరుగుతుంది, దాని మీద దిమ్మ వంగిందంటే సబ్బు ముక్కలా జారిపోతుంది. ఇటుకైతే అసలు చెప్పకుండా పగిలిపోతుంది. క్రెటా, నెక్సాన్, బ్రెజా ఇలాంటివి ఉంటే కనీసం 45 సెంటీమీటర్లు లేపే జాకీ కొనండి, అది సాధారణంగా మూడు టన్నుల సైజులో దొరుకుతుంది.

ఆ వంపు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది నేలకి ముడిపడిన విషయం. కప్పు వెనక్కి జరుగుతుంటే జాకీ కింద చక్రాలు ముందుకి దొర్లి ఆ తేడాని సర్దుకోవాలి. గ్యారేజీలో నున్నటి సిమెంట్ ఫ్లోరు కాబట్టి దొర్లుతాయి. మన అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఉండేవి పార్కింగ్ టైల్సో, నాపరాళ్ళో, బయటైతే ఇంటర్‌లాక్ ఇటుకలో. చిన్న ఇనప చక్రం టైలు సందులో దిగబడిందంటే ఇక దొర్లదు, జాకీ కదలకపోతే కారే జాకీ వైపుకి లాగబడుతుంది, లేదంటే కప్పు అంచు మీద జారుతుంది. నాకు మొదటిసారి టైలు టప్‌మని పగిలింది, ఆ శబ్దం వినగానే కారే పడిందనుకుని గుండె ఆగినంత పనైంది, అసోసియేషన్‌కి టైలు వేయించి ఇచ్చాను. అప్పట్నుంచి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, రెండడుగులు మూడడుగులు, కార్పెంటర్ దగ్గర మిగిలిపోయింది తెచ్చుకుని దాని మీదే జాకీ పెడుతున్నాను. బరువు పరుచుకుంటుంది, చక్రాలు నున్నగా దొర్లుతాయి. రోడ్డు మీద చెయ్యాల్సి వస్తే ఎండాకాలం ఇంకా జాగ్రత్త, మన బెజవాడ ఎండకి మధ్యాహ్నం తారు మెత్తబడి ఉంటుంది, చెక్క లేకుండా జాకీ పెడితే చక్రాలు అందులోకి దిగిపోతాయి. మట్టి, ఇసక నేల అయితే ట్రాలీ జాకీ దండగే, అక్కడ దొర్లడమనేదే లేదు.

మట్టి నేల అనగానే బాటిల్ జాకీ గురించి చెప్పుకోవాలి. లారీ వాళ్ళ దగ్గర ఉండేది ఇదే, సీసాలా నిలబడి నిటారుగా పైకి లేస్తుంది, చవక, చిన్నది, బలం ఎక్కువ. గుంటూరు వైపు పల్లెల్లో బొలెరో, పాత స్కార్పియో ఉండి మిర్చి కళ్ళాల్లో, పొలం గట్ల మీద తిరిగేవాళ్ళకి దీన్ని మించింది లేదు, ఒక మందపాటి చెక్క పలక కింద వేసి వెనక యాక్సిల్ కింద పెట్టి కొడితే చాలు, యాక్సిల్ నేరుగా లేస్తుంది కాబట్టి సస్పెన్షన్ సాగే గొడవ కూడా ఉండదు. అదే చిన్న కారుకైతే నేను వద్దంటాను. దించినా చాలా బాటిల్ జాకీలు 15 నుంచి 18 సెంటీమీటర్లు ఉంటాయి, స్విఫ్ట్ కింద గాలి ఉన్నప్పుడే కష్టం, పంచరైతే ప్రశ్నే లేదు. పైగా దాని తల చిన్నది, పలచటి డోరు అంచు మీద ఆ చిన్న ఇనప తల నిలవదు, పక్కకి ఒరిగిందంటే రేకు వంగిపోతుంది. కింద ఛాసిస్ ఫ్రేమ్, అంటే గట్టి ఇనప చట్రం, ఉన్న బండ్లకి బాటిల్, రేకు బాడీ కార్లకి ట్రాలీ, నా లెక్క అంతే.

కారుతో వచ్చే కత్తెర జాకీని చాలామంది తీసిపారేస్తారు. దాన్ని డిక్కీలోనే ఉంచండి. ఆయిలు లేదు, ఆయిలుని ఆపే రబ్బరు సీలు లేదు, మర మీద నడుస్తుంది కాబట్టి దానంతటది దిగిపోదు, రోడ్డు మీద స్టెప్నీ మార్చుకోవడానికి చక్కగా సరిపోతుంది. ఆ మరకి ఏడాదికోసారి కాస్త గ్రీజు పట్టిస్తే చాలు. ఇంటి దగ్గర నాలుగు చక్రాలూ తీసి బ్రేకులు కడగడానికి మాత్రం దాని మీద ఆధారపడొద్దు, అడుగు భాగం మరీ ఇరుకు. 12 వోల్టుల ఎలక్ట్రిక్ జాకీలు కూడా వస్తున్నాయి, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి, వయసైనవాళ్ళకి పర్లేదు, నెమ్మదిగా లేపుతుంది, బ్యాటరీ డౌనైన రోజున పనికిరాదు. ఇక ఇంజనాయిల్ మార్చడం ఒక్కటే మీ పని అయితే జాకీ కంటే ర్యాంపులే మేలు, కారు ఎక్కించి చక్రాల వెనక రాయి పెట్టి పని చేసుకోవచ్చు, కాకపోతే నున్నటి టైల్స్ మీద ర్యాంపు ముందుకి జారిపోతుంది, కింద రబ్బరు మ్యాట్ వేసుకోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది, నేను కొన్న ఏడాదికి జరిగింది. మే నెల, పొద్దున్న తొమ్మిదింటికే ఎండ మండుతోంది. ఎడమ ముందు చక్రం తీసి బ్రేక్ ప్యాడ్లు చూస్తున్నాను. స్టాండ్ లేదు, జాకీ ఒక్కదాని మీదే ఉంది కారు. ఎప్పుడో ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పని చేస్తుంటే పక్కన నిలబడి చూస్తున్నప్పుడు ఆయన అన్నమాట గుర్తుంది, "తీసిన టైరు పక్కన ఆనించకు బాబూ, కారు కిందకి తొయ్యి, అది నీ ప్రాణానికి కాపలా". అలవాటుగా టైరు డోరు అంచు కిందకి తోసేశాను. ప్యాడ్ల కోసం పైకెళ్ళి ఫోనొస్తే మాట్లాడి ఇరవై నిమిషాలకి దిగి వచ్చేసరికి కారు ఆ టైరు మీద కూర్చుని ఉంది. జాకీ చప్పుడు లేకుండా మెల్లగా దిగిపోయింది. ఆయిలు చుక్క కూడా బయట కారలేదు, లోపలి సీలు దగ్గరో వాల్వు దగ్గరో వదిలేసింది. ఆ టైరు అక్కడ లేకపోతే బ్రేక్ డిస్క్ నేలకి తగిలేది, నా చెయ్యి అక్కడుంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా నాకు ఇష్టం లేదు. హైడ్రాలిక్ జాకీ లోపల జరిగేది చిన్న పిస్టన్‌తో ఆయిలు తోసి పెద్ద పిస్టన్‌ని లేపడమే, కారు మొత్తం ఆ కాస్త ఆయిలు మీద, రెండు రబ్బరు రింగుల మీద, ఒక చిన్న వాల్వు మీద నిలబడి ఉంటుంది. వేడికి ఆయిలు పలచబడుతుంది, వాల్వు దగ్గర నలుసంత చెత్త ఉన్నా చాలు. ఎంత ఖరీదైన జాకీకైనా ఇదే లెక్క. జాకీ లేపడానికి మాత్రమే, నిలబెట్టడానికి స్టాండే.

అందుకే మీ బడ్జెట్లో స్టాండ్ల డబ్బు ముందే పక్కన పెట్టండి, తర్వాత కొందాంలే అనుకుంటే ఎప్పటికీ కొనరు. జతగానే కొనండి. రెండు రకాలుంటాయి, పళ్ళున్న కడ్డీతో టకటకా లేచేది ఒకటి, కన్నాల్లో పిన్ను దూర్చేది ఒకటి. పళ్ళది సౌకర్యం, కానీ ఆ పన్ను సరిగ్గా కూర్చోకపోతే ఒక్కసారిగా దిగిపోవచ్చు. అమెరికాలో 2020లో ఒక పెద్ద టూల్స్ కంపెనీ సరిగ్గా ఈ కారణంతోనే లక్షల కొద్దీ స్టాండ్లు వెనక్కి పిలిపించింది. నాకు పిన్నువే నచ్చాయి, పిన్ను కన్నంలో ఉందా లేదా కంటితో కనపడుతుంది, అనుమానం ఉండదు. ఏది కొన్నా కాళ్ళ దగ్గర వెల్డింగ్ చుట్టూ వేలు తిప్పి చూడండి, మధ్యలో వెల్డింగ్ వదిలేసిన చోటు తగిలితే అక్కడే పెట్టేసి రండి. సిమెంట్ దిమ్మలు, ఇటుకలు స్టాండ్‌కి బదులు వద్దే వద్దు.

స్టాండ్ కొన్నాక ఇంకో చిక్కు వస్తుంది, ఇది ఎవరూ చెప్పరు. కారుకి ఒక్కో మూలలో జాకీ పెట్టే చోటు ఒక్కటే ఉంటుంది, అక్కడ జాకీ పెట్టి లేపితే మరి స్టాండ్ ఎక్కడ పెడతారు? జాకీ తీస్తే గానీ స్టాండ్ పట్టదు, జాకీ తీస్తే కారు దిగిపోతుంది. దీనికి మంచి దారి, జాకీని బండి మధ్యలోకి పంపించి ముందు ఇంజను కింద అడ్డంగా ఉండే గట్టి ఇనప దూలం, క్రాస్ మెంబర్ అంటారు, దాని దగ్గర లేపడం, అప్పుడు రెండు వైపులా డోరు అంచుల దగ్గర స్టాండ్లు పెట్టేయొచ్చు. దీనికి బంపరు కింద నుంచి మధ్య దాకా చేరేంత పొడుగు, దూరేంత తక్కువ ఎత్తు జాకీకి ఉండాలి, నా చిన్న పెట్టె జాకీకి ఆ పొడుగు లేదు, హ్యాండిల్ కొట్టడానికి బంపరే అడ్డం వచ్చేది. మూడు టన్నుల లో ప్రొఫైల్‌కి మారడానికి అసలు కారణం నాకిదే. అన్ని కార్లకీ ఆ మధ్య చోటు ఒకేలా ఉండదు, కారు మాన్యువల్‌లో జాకీ పాయింట్ల బొమ్మ ఉంటుంది, అది చూశాకే పెట్టండి. ఇంజను అడుగున ఆయిలు నిలిచే గిన్నె, ఆయిల్ సంపు కింద పెట్టారంటే సంపుకి సొట్ట పడుతుంది, పగిలినా పగులుతుంది. డోరు అంచు దగ్గర లేపేటప్పుడు గాడి ఉన్న రబ్బరు ముక్క కప్పు మీద వేసుకుంటే రేకు ఆ గాడిలో కూర్చుంటుంది, వంగదు, రంగు పోదు, రెండు మూడొందలకే వస్తుంది.

రేట్ల విషయానికొస్తే ఈ మధ్య నేను అడిగినప్పుడు చిన్న పెట్టె జాకీ మూడు వేలకి అటూ ఇటూ, రెండు టన్నుల బాటిల్ జాకీ వెయ్యి పైన, స్టాండ్ల జత రెండు వేల దగ్గర, మూడు టన్నుల లో ప్రొఫైల్ మాత్రం పది వేలు దాటింది. డబ్బుతో పాటు బరువు కూడా చూస్కోండి, చిన్నది ఎనిమిది తొమ్మిది కేజీలు, చేత్తో పట్టుకుపోవచ్చు, పెద్ద స్టీలుది ముప్పై కేజీలు పైనే ఉంటుంది, లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకి మోసుకుపోవడం నా వల్ల కాలేదు, కింద మీటర్ల గది మూలలో గొలుసు వేసి పెట్టుకున్నాను. అల్యూమినియంవి బాగా తేలిక, కానీ ఏడాదికి మూడు నాలుగు సార్లు వాడే మనకి ఆ రేటు గిట్టుబాటు కాదనిపించింది.

ఆన్‌లైన్లో రెండొందలు తక్కువే రావచ్చు, అయినా నేను జవహర్ ఆటోనగర్‌లోనే కొంటాను. లారీ బాడీలు కట్టే ఊరు మనది, హైడ్రాలిక్ జాకీ విప్పి సీలు మార్చేవాళ్ళు అక్కడుంటారు, కొనేటప్పుడే ఈ మోడల్‌కి సీల్ కిట్ దొరుకుతుందా అని అడగండి, దొరకదంటే ఆ మోడల్ వదిలెయ్యండి. దీని విలువ 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి తెలిసింది. సింగ్‌నగర్‌లో మా బావ వాళ్ళ సెల్లార్‌లో ట్రాలీ జాకీ రోజుల తరబడి నీళ్ళల్లో ఉండిపోయింది. నీళ్ళు తీశాక ప్లగ్గు విప్పి వంచితే ఆయిలుకి బదులు పాలు ఎక్కువైన టీ లాంటిది వచ్చింది, నీళ్ళూ ఆయిలూ కలిసిపోయి. మొత్తం తీసి కడిగి, సీళ్ళు మార్చి, కొత్త జాక్ ఆయిలు పోసి, జాకీని దించే రిలీజు వాల్వు వదులు చేసి హ్యాండిల్ పదిహేను సార్లు కొట్టి గాలి తీశాక మళ్ళీ పని చేసింది. ఒక్క మాట, ఆయిలు తగ్గిందని ఇంట్లో ఉన్న బ్రేక్ ఆయిలు మాత్రం పొయ్యకండి, దానికి ఈ రబ్బరు సీళ్ళు ఉబ్బిపోయి పాడైపోతాయి.

చిన్న కారుండి, ఏడాదికోసారి చక్రాలు మార్చుకోవడం, బ్రేకులు చూసుకోవడం వరకే అయితే చిన్న రెండు టన్నుల లో ప్రొఫైల్ జాకీ, ఒక జత స్టాండ్లు, ప్లైవుడ్ ముక్క, ఇవి చాలు, పది వేలు పెట్టక్కర్లేదు. కారు కిందకి దూరి పని చేసేవాళ్ళు, ఎస్‌యూవీ ఉన్నవాళ్ళు, ఇంట్లో రెండు మూడు కార్లున్నవాళ్ళు మూడు టన్నులదే కొనండి, మధ్యలో ఆగితే నాలాగా రెండుసార్లు కొంటారు. లేపేముందు నట్లు వదులు చేసుకోండి, లేపాక నట్ల మీద బలం పెడితే కారు ఊగుతుంది. వెనక చక్రాలు రెండూ లేపారంటే హ్యాండ్ బ్రేక్ దేన్నీ పట్టుకోదు, అది పనిచేసేది వెనక చక్రాల మీదే కాబట్టి, అప్పుడు గేరులో ఉంచి ముందు చక్రాలకి రెండు పక్కలా రాళ్ళు పెట్టాలి.

కొని తెచ్చిన రోజే ఒక పరీక్ష చెయ్యండి, బిల్లు ఇంకా చేతిలో ఉండగానే. తీసిన చక్రాలేమీ లేకుండా, స్టాండ్లు పక్కనే దాదాపు తగిలేంత ఎత్తులో పెట్టుకుని, కారుని జాకీతో లేపి, జాకీ చెయ్యి బాడీ ప్లేటుని దాటే చోట సుద్దముక్కతో ఒక గీత గియ్యండి. అరగంట వదిలేసి రండి. గీత అక్కడే ఉంటే ఉంచుకోండి, కాస్త కిందకి దిగినా సరే అదే రోజు వెనక్కి ఇచ్చేసి వేరేది తెచ్చుకోండి.